కొండపల్లి బొమ్మల రంగుల పనిలో ధూళి నివారణ - పరిశీలన

వ్యాససంగ్రహం:
అరచేతిలో ఇమిడే కొయ్యబొమ్మకు రంగు వేస్తున్నప్పుడు, పూత ఆరకముందే పడిన ఒక్క నలుసు ఆ బొమ్మ ముఖకవళికలనే మార్చివేయగలదు. కొండపల్లి బొమ్మల విషయంలో ఈ సమస్యకు ఒక ప్రత్యేకత ఉంది. అతుకులు పూడ్చే మక్కుకు రంపపు పొట్టు ముడిపదార్థం. రంగుల దశకు వచ్చేసరికి అదే పొట్టు బొమ్మకు ప్రధాన శత్రువు. బొమ్మ తయారీలో ధూళి ఎక్కడ పుడుతుంది, పూతకు ఎలా అంటుకుంటుంది, ఏ దశలో ఎంత నష్టం చేస్తుంది, దానిని ఎలా నివారించవచ్చు అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ధూళి నివారణ కేవలం శుభ్రతకు సంబంధించిన విషయం కాదనీ, పనివరుసకూ ఆరుదల కాలానికీ సంబంధించిన వృత్తిజ్ఞానమనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: కొండపల్లి బొమ్మలు, తెల్లపొణికి, మక్కు, రంపపు పొట్టు, ధూళి, పూత, ఆరుదల కాలం, ఏటికొప్పాక, వృత్తిజ్ఞానం.

1. ఉపోద్ఘాతం:
సంక్రాంతి బొమ్మల కొలువులో దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, పెండ్లి పల్లకి వంటి కొండపల్లి బొమ్మలకు ప్రత్యేక స్థానం ఉంది. ఎన్‌టీఆర్ జిల్లాలో విజయవాడకు సమీపంలో ఉన్న కొండపల్లి ఈ బొమ్మల పుట్టినిల్లు. భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన ఈ కళను గురించి చెప్పేటప్పుడు సాధారణంగా నాలుగు మాటలు వినిపిస్తాయి: తెల్లపొణికి కొయ్య, మక్కుతో అతకడం, సున్నపు పూత, రంగులు. ఈ నాలుగు దశల పేర్లు మనకు తెలుసు. ఒక దశకూ మరొక దశకూ నడుమ ఏం జరుగుతుందనే విషయం మాత్రం వర్ణనలలో అరుదుగా కనిపిస్తుంది. ఎంతసేపు ఆరబెట్టాలి, ఏ వైపు తిప్పి ఉంచాలి, దేనితో తుడవాలి, ఎప్పుడు ముట్టుకోకూడదు అనే ప్రశ్నలన్నీ ఆ నడుమనే ఉన్నాయి. బొమ్మ నునుపు, మెరుపు, మన్నిక చాలావరకు ఆ నడిమి కాలంలోనే నిర్ణయమవుతాయి.

ఈ విషయం ఎంత ముఖ్యమో చిన్న లెక్కతో గ్రహించవచ్చు. పది సెంటీమీటర్ల ఎత్తున్న బొమ్మ 170 సెంటీమీటర్ల మనిషిని సూచిస్తుందనుకుంటే, మనిషికీ బొమ్మకూ మధ్య నిష్పత్తి 17 రెట్లు. 0.2 మిల్లీమీటర్ల పొట్టు నలుసు ఆ బొమ్మ చెంప మీద పడితే, నిజమైన మనిషి చెంప మీద సుమారు 3.4 మిల్లీమీటర్ల మచ్చ ఉన్నదానితో సమానం. అంటే నువ్వుగింజంత పుట్టుమచ్చ. రోజుల తరబడి చెక్కి, అతికి, నునుపు చేసిన బొమ్మ విలువ ఆ ఒక్క మచ్చతో తగ్గిపోతుంది. నిలువెత్తు విగ్రహంలో లెక్కకు రాని నలుసు చిన్న బొమ్మలో కొట్టవచ్చినట్టు కనబడుతుంది. బొమ్మ చిన్నదయ్యేకొద్దీ ధూళి పెద్దదవుతుంది.

2. తయారీ దశలు - ధూళి పుట్టే చోట్లు:
తెల్లపొణికి చాలా తేలికైన, మెత్తని కొయ్య. వృక్షశాస్త్రంలో దీనిని గివోషియా మొలుక్కానా అంటారు. కొయ్యలోని తేమ పోయేలా వేడిమికి ఆరబెట్టి, తరువాత బొమ్మ అంగాలను విడివిడిగా చెక్కుతారు. చేతులు, తొండం, కొమ్ములు, గొడుగు వంటి భాగాలను మక్కుతో మొండేనికి అతుకుతారు. మక్కు అంటే చింతగింజల పొడితో చేసిన జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద. అతుకు ఆరిన తరువాత ఆకురాయితోను, గరుకు కాగితంతోను నునుపు చేసి, సున్నపు పూత వేసి, దానిపై రంగులు దిద్దుతారు.

ఈ క్రమంలో ఐదు రకాల ధూళి పుడుతుంది. మొదటిది చెక్కేటప్పుడు రాలే ముతక పొట్టు, సన్నని పేళ్లు. రెండవది మక్కునూ సున్నపు పూతనూ రుద్దేటప్పుడు లేచే మెత్తని పొడి. మూడవది నూలుపోగులు, తలవెంట్రుకలు, కుంచె నుండి ఊడిన వెంట్రుకలు. నాలుగవది వీధి నుండి, వాకిలి నుండి గాలితో వచ్చే మట్టి. ఐదవది రంగులోనే పుట్టే చెత్త. డబ్బా అంచున ఎండి రాలే రంగు పెచ్చులు, ఎనామిల్ రంగు మీద కట్టే మీగడ వంటి పొర ఈ కోవకు చెందుతాయి. వీటన్నింటినీ కలిపి దుమ్ము అని ఒకే మాటతో వ్యవహరిస్తాం. కాని పుట్టుక వేరు కనుక వీటికి మందు కూడా వేరు. కిటికీ మూసినంత మాత్రాన ఐదవ రకం ఆగదు. రంగు వడగట్టినంత మాత్రాన మొదటి రకం తగ్గదు.

రంపపు పొట్టు విషయంలో ఒక వైరుద్ధ్యం గమనించదగినది. జిగురులో కలిసి అతుకును పూడ్చినప్పుడు అది బొమ్మకు బలం. రంగులో కలిసి చెంప మీద నిలిచినప్పుడు బొమ్మకు లోపం. పదార్థం మారలేదు, అది చేరిన సమయం మారింది. కాబట్టి పొట్టును పూర్తిగా లేకుండా చేయడం ఈ వృత్తిలో సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. అది ఎప్పుడు ఉండాలో, ఎప్పుడు ఉండకూడదో నిర్ణయించడమే అసలు పని.

3. ధూళి రేణువు - నేలకు దిగే కాలం:
గాలిలో లేచిన రేణువు ఎంతసేపటికి కిందికి దిగుతుందనేది ప్రధానంగా దాని పరిమాణాన్ని బట్టి ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రోమీటరు అంటారు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రోమీటర్లు. నీటితో సమానమైన సాంద్రత గల గుండ్రని రేణువు, కదలిక లేని గాలిలో, ఒక మీటరు ఎత్తు నుండి దిగడానికి పట్టే కాలం సుమారుగా ఇలా ఉంటుంది:

100 మైక్రోమీటర్ల రేణువు - 4 సెకన్లు
50 మైక్రోమీటర్ల రేణువు - 14 సెకన్లు
10 మైక్రోమీటర్ల రేణువు - ఐదున్నర నిమిషాలు
5 మైక్రోమీటర్ల రేణువు - 22 నిమిషాలు
1 మైక్రోమీటరు రేణువు - 8 గంటలు

కొయ్యపొడి రేణువులు గుండ్రంగా ఉండవు కనుక ఈ అంకెలు వాటికి అచ్చంగా వర్తించవు. కాని వరుస మారదు. ఈ పట్టిక నుండి రెండు విషయాలు తేలుతాయి. బొమ్మ మీద కంటికి కనబడే మచ్చగా మిగిలేవి సుమారు 50 మైక్రోమీటర్లు, అంతకు మించిన రేణువులు. నిశ్చలమైన గాలిలో అవి సెకన్లలోనే నేలకు చేరుతాయి. చెక్కడం ఆపిన అరగంట తరువాత కూడా తడి పూత మీద ముతక నలుసులు పడుతున్నాయంటే, అవి అంతవరకు గాలిలో వేలాడుతున్నవి కావు. ఏదో ఒకటి వాటిని మళ్లీ లేపుతున్నదని అర్థం. తిరుగుతున్న ఫ్యాను, పొడిచీపురు, దులిపిన తువ్వాలు, పొట్టు అంటిన చొక్కా, పక్కనుండి నడిచిన పాదాలు ఇందుకు కారణాలు. కాబట్టి ముతక ధూళిని ఆపడమంటే ముందుగా కదలికను ఆపడం.

రెండవ విషయం ఇంకా ముఖ్యమైనది. బొమ్మను పాడుచేసే ధూళి కంటికి కనబడుతుంది, త్వరగా దిగిపోతుంది. మనిషి ఊపిరితిత్తుల లోతుకు చేరే సన్నని ధూళి కంటికి కనబడదు, గంటల తరబడి గాలిలోనే ఉంటుంది. బొమ్మ శుభ్రంగా ఉన్నది కనుక గది గాలి కూడా శుభ్రంగా ఉన్నదనుకోవడం పొరపాటు. ఈ అంశాన్ని ఏడవ విభాగంలో చర్చిస్తాను.

4. పూతకింద, పూతలో, పూతపైన:
ధూళి చేసే నష్టం అది పూతకు ఏ స్థానంలో చేరిందనేదాన్ని బట్టి మారుతుంది. అవగాహన కోసం దీనిని మూడుగా విభజించవచ్చు.

పూతకింది ధూళి: రుద్దిన తరువాత బొమ్మను సరిగా దులపకుండా రంగు వేస్తే, రంగు కొయ్యను గాని సున్నాన్ని గాని పట్టుకోదు, మధ్యనున్న పొడిని పట్టుకుంటుంది. ఆ పొడికి కింద ఆధారం లేదు. పూత వేసిన రోజు అంతా బాగానే కనిపిస్తుంది. కొంతకాలానికి పెచ్చులుగా లేస్తుంది. సున్నపు పూతలో జిగురు పాలు తక్కువైనా ఇదే జరుగుతుంది, ఎందుకంటే అటువంటి పూత తనకు తానే పొడి రాలుస్తుంది. వేలితో రాసి చూస్తే తెల్లగా అంటుకునే ఉపరితలం రంగుకు సిద్ధం కాలేదని గుర్తు.

పూతలోని ధూళి: తడి రంగులో పడిన నలుసు చుట్టూ రంగు పైకి పాకి చిన్న దిబ్బ కడుతుంది. ఆరిన తరువాత నలుసు ఆ దిబ్బలో శాశ్వతంగా బందీ అవుతుంది. మెరుపు గల రంగులో ఇది మరింత స్పష్టంగా కనబడుతుంది, ఎందుకంటే నునుపు ఉపరితలం మీద వెలుగు ఒకే తీరుగా పరావర్తనం చెందుతుంది, దిబ్బ దగ్గర మాత్రం ఆ తీరు చెదురుతుంది.

పూతపైని ధూళి: పూర్తిగా గట్టిపడిన పూత మీద చేరే ధూళి ఇది. మెత్తని పొడి కుంచెతో తొలగించవచ్చు. కొలువు ముగిసిన తరువాత ఇళ్లలో బొమ్మలను దులిపి దాచేది ఈ ధూళినే.

మూడింటిలోను పూతలోని ధూళిని దాచడం కష్టం, పూతకింది ధూళిని ముందుగా కనిపెట్టడం కష్టం, పూతపైని ధూళితో నష్టం తక్కువ. మన శ్రద్ధ ఎక్కువగా మూడవదాని మీద ఉంటుంది. అది మొదటి రెండింటి మీద ఉండవలసింది.

5. ఆరుదల కాలం - ఏటికొప్పాకతో పోలిక:
పూత ఆరడంలో మూడు స్థితులు ఉన్నాయి. పడిన ధూళి అంటుకోని స్థితి మొదటిది, వేలికి అంటని స్థితి రెండవది, లోపలి దాకా గట్టిపడిన స్థితి మూడవది. తడి పూత వేసినప్పటి నుండి మొదటి స్థితి వచ్చేవరకు ఉన్న కాలమే ధూళి దృష్ట్యా ప్రమాదకాలం.

నీటి రంగులు నీరు ఆవిరై ఆరుతాయి. పలుచని పూతలో ప్రమాదకాలం నిమిషాలలోనే ముగుస్తుంది. ఎనామిల్ రంగులలో ముందు ద్రావణి ఆవిరవుతుంది, తరువాత పూత గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహించి క్రమంగా గట్టిపడుతుంది. అందువల్ల ప్రమాదకాలం గంటలకు పెరుగుతుంది. పూర్తిగా గట్టిపడడానికి ఒక రోజు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఎనామిల్ ఇచ్చే మెరుపుకు కళాకారుడు చెల్లించే మూల్యం ఈ నిరీక్షణ. మందంగా ఒకే పూత వేస్తే పై పొర ముందుగా బిగిసి లోపలి తడి అలాగే ఉండిపోతుంది. పలుచని పూతలు రెండు మూడు వేయడం ధూళి దృష్ట్యా కూడా మేలు.

రుతువు కూడా లెక్కలోకి వస్తుంది. వానాకాలపు తేమలో నీటి రంగులు ఆలస్యంగా ఆరుతాయి, కాని నేల తడిగా ఉండటం వల్ల మట్టి తక్కువగా లేస్తుంది. వేసవిలో రంగు త్వరగా ఆరుతుంది, కాని వడగాలి మట్టిని మోసుకొస్తుంది.

ఆరుదల కాలం ప్రాధాన్యం ఏటికొప్పాక బొమ్మలతో పోల్చి చూస్తే స్పష్టమవుతుంది. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిణె మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఒత్తిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యకు అంటుకుంటుంది, చల్లారగానే గట్టిపడుతుంది. అక్కడ కూడా కొయ్యపొట్టు రాలుతుంది. కాని పూత తడిగా ఉండే కాలమే దాదాపు లేదు కనుక, పడిన నలుసు పూతలో చిక్కుకునే అవకాశం చాలా తక్కువ. కొండపల్లి బొమ్మ తరిణె మీద తిరిగే గుండ్రని వస్తువు కాదు. చేతులు చాచిన నర్తకి, తొండమెత్తిన ఏనుగు, ఆకులు పరచిన తాటిచెట్టు కుంచెతోనే రంగు అందుకోగలవు. రూపంలో ఉన్న స్వేచ్ఛ వల్లనే ఈ బొమ్మకు తడి పూత, తడి పూత వల్లనే ధూళి భయం వచ్చాయి. రెండు ఊళ్ల మధ్య తేడా ధూళి మోతాదులో లేదు, తడి నిలిచే కాలంలో ఉంది.

6. నివారణ పద్ధతులు:
6.1. పనివరుస: ఒకే వసారాలో ఒకరు బొమ్మను రుద్దుతూ, పక్కనే మరొకరు రంగు వేస్తే ఎంత శుభ్రత పాటించినా ఫలితం ఉండదు. ఇంటి పనిగా సాగే వృత్తిలో రెండు గదులు ఉండాలని కోరడం సులభం, అమర్చుకోవడం కష్టం. చోటును విడదీయలేనప్పుడు కాలాన్ని విడదీయాలి. ఒక జట్టు బొమ్మలకు చెక్కడం, రుద్దడం అన్నీ ఒక పూటలో ముగించి, బొమ్మలను దులిపి, గదిని శుభ్రం చేసి, రాత్రంతా గాలి నిలకడగా ఉండనిచ్చి, మరునాటి ఉదయం రంగు మొదలుపెట్టడం అన్నింటికంటే తక్కువ ఖర్చుతో కూడిన నివారణ. రాత్రంతా విడిచిపెడితే, మూడవ విభాగంలోని లెక్క ప్రకారం, సన్నని రేణువులు కూడా చాలావరకు నేలకు దిగుతాయి. ఉదయం వేళ గాలి, రాకపోకలు తక్కువగా ఉండటం మరొక సౌలభ్యం.

6.2. నేల, గాలి: తెలుగు ఇళ్లలో వాకిట కళ్లాపి చల్లడం ఆచారం. దాని ఫలితాలలో ఒకటి, మట్టి లేవకుండా అణగడం. రంగుల పనికి ముందు గది నేలను తడిగుడ్డతో తుడవడం, వాకిట నీళ్లు చల్లడం ఇదే సూత్రానికి అనువర్తనం. పొడిచీపురుతో ఊడ్చిన వెంటనే రంగు మొదలుపెట్టకూడదు. ఫ్యానును ఆపాలి. చాలాకాలం తుడవని ఫ్యాను రెక్కల మీది పెళ్లలు, ఫ్యాను వేయగానే మొదట రాలేది తడి బొమ్మల మీదనే. తలుపులు, కిటికీలు పూర్తిగా బిగించడం మాత్రం ఎనామిల్ విషయంలో పరిష్కారం కాదు. ద్రావణి ఆవిరి గదిలో నిలిచి పనివారిని బాధిస్తుంది, పూత కూడా ఆలస్యంగా ఆరుతుంది. గాలి వచ్చే వైపు కిటికీకి పలుచని తడిగుడ్డ కట్టి, ఎదుటి వైపు కిటికీ తెరిచి ఉంచితే మట్టిని ఆపుతూ గాలిని రానివ్వవచ్చు.

6.3. భంగిమ: ధూళి పైనుండి కిందికి దిగుతుంది. కాబట్టి ఆకాశం వైపు చూసే తలాల మీద ఎక్కువగా, నిలువు తలాల మీద తక్కువగా పడుతుంది. ఏనుగు వీపు, అంబారీ గొడుగు, తాటి ఆకుల పైభాగం, పల్లకి పైకప్పు ఎక్కువగా దెబ్బతినే చోట్లు. బొమ్మ పీఠం అడుగున పుల్ల గుచ్చి, పట్టుకోవడానికి అదే పిడిగా వాడుకుంటే రెండు ప్రయోజనాలు కలుగుతాయి. రంగు వేసేటప్పుడు చేతి జిడ్డు, చేతికంటిన పొట్టు బొమ్మకు తగలవు. ఆరబెట్టేటప్పుడు ఆ పుల్లను వాలుగా గుచ్చి, ముఖం కిందికి వచ్చేలా బొమ్మను వంచి ఉంచవచ్చు. అయితే పూత మందంగా ఉంటే వంచినవైపు రంగు జారుతుంది. పలుచని పూత ఇక్కడ కూడా షరతే.

6.4. మూత: ఆరుతున్న బొమ్మల మీద బోర్లించిన అట్టపెట్టె ధూళిని బాగా అడ్డగిస్తుంది. ఇందులో మూడు జాగ్రత్తలు అవసరం. పెట్టె లోపలిభాగం ముందుగా తుడిచి ఉండాలి, లేకపోతే మూతే ధూళిని కురిపిస్తుంది. అడుగున వేలిమందం సందు విడవాలి, ఎందుకంటే నీటి రంగుకు ఆవిరి బయటికి పోవాలి, ఎనామిల్‌కు ఆక్సిజన్ లోపలికి రావాలి. ప్లాస్టిక్ పెట్టెను పొడిగుడ్డతో రుద్దకూడదు. రుద్దితే పుట్టే స్థిరవిద్యుత్తు చుట్టూ ఉన్న ధూళిని పెట్టెకు ఆకర్షిస్తుంది. తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి.

6.5. కుంచె, రంగు, బట్టలు: కొండపల్లిలో మేకవెంట్రుకల కుంచెలు వాడుకలో ఉన్నాయి. కొత్త కుంచెను నీటిలో కడిగి, వేళ్ల మధ్య మెల్లగా లాగి, ఊడే వెంట్రుకలను ముందే తీసివేయాలి. దులపడానికి వాడే కుంచెను రంగుకు వాడకూడదు. ఎనామిల్ మీద పొర కట్టి ఉంటే దానిని కలపకుండా తీసివేసి, రంగును పలుచని బట్టలో వడగట్టాలి. అవసరమైనంత రంగును చిన్న గిన్నెలోకి తీసుకుని డబ్బా మూసివేయాలి. రుద్దేటప్పుడు వేసుకున్న బట్టలతో రంగుకు కూర్చోకూడదు. ముతక ధూళిని రంగుల చోటికి మోసుకొచ్చే ప్రధాన వాహనం మనిషే.

6.6. ఇతర చిన్న బొమ్మల పద్ధతులు - వర్తించనివి: పాశ్చాత్య దేశాలలో బల్లమీది ఆటలకోసం సుమారు 28 మిల్లీమీటర్ల ఎత్తున్న ప్లాస్టిక్, రెజిన్ బొమ్మలకు రంగులు వేసే అభిరుచి విస్తృతంగా ఉంది. రంగుకు ముందు ఆ బొమ్మలను సబ్బునీటితో కడిగి ఆరబెట్టడం అక్కడ మామూలు పద్ధతి. కొండపల్లి బొమ్మకు ఈ పద్ధతి హానికరం. పొణికి నీటిని పీలుస్తుంది, చింతగింజల జిగురు నీటికి మెత్తబడుతుంది, అతుకులు కదులుతాయి. ఇక్కడ తడిగుడ్డ నేలకు, మూతకు మాత్రమే. బొమ్మకు పొడి కుంచె ఒక్కటే. అక్కడి నుండి తీసుకోదగినవి పిడి, మూత. ఒక పదార్థానికి సరిపడిన శుభ్రత మరొక పదార్థానికి నష్టం కావచ్చు.

7. నలుసు పడిన తరువాత:
ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్ని నలుసులు పడతాయి. అప్పుడు చేయవలసిన పని పూత స్థితిని బట్టి ఉంటుంది. పూత పూర్తిగా తడిగా ఉంటే, శుభ్రమైన సన్నని కుంచె మొనను అదే రంగులో తడిపి, నలుసును పైకి లేపి తీయవచ్చు. చోటు వెంటనే సర్దుకుంటుంది. పూత సగం బిగిసిన స్థితిలో ఉంటే ముట్టుకోకూడదు. గోటితో తీయబోతే నలుసుతోపాటు పూత కూడా లేచి, మచ్చ గుంటగా మారుతుంది. పూర్తిగా గట్టిపడేవరకు ఆగి, సన్నని గరుకు కాగితంతో దిబ్బను మాత్రమే మెల్లగా అరగదీసి, పొడిని దులిపి, ఆ చోట పలుచగా రంగు దిద్దాలి. చేయి ఆపుకోవడమే ఇక్కడ నైపుణ్యం.

కన్నులు, కనుబొమలు, పెదవులు వంటి సూక్ష్మరేఖలను చివరకు ఉంచడం వల్ల ముఖానికి తడి పూతల సంఖ్య, అందువల్ల ప్రమాదకాలం తగ్గుతాయి. ముఖం చుట్టూ జరిగే ఇతర పనులన్నీ అప్పటికే ముగిసి ఉంటాయి కూడా.

నోటితో ఊదడం అందరికీ తెలియకుండానే అలవాటయ్యే పని. ఊదితే తుంపర పూత మీద పడుతుంది, పక్క బొమ్మల మీదికి పొడి లేస్తుంది, మరుక్షణం పీల్చే ఊపిరితో అదే పొడి ఊదినవారి లోపలికి పోతుంది. ఇక్కడే బొమ్మ రక్షణ, మనిషి రక్షణ ఒకటవుతాయి.

కొయ్యపొడిని మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చేర్చింది. దానికి ఆధారమైన సాక్ష్యం ముక్కు, దాని చుట్టూ ఉండే గాలి గదుల క్యాన్సర్లకు, ముఖ్యంగా గట్టి కొయ్యల పొడికి సంబంధించినది. పొణికి మెత్తని కొయ్య అనే కారణంతో దాని పొడిని నిర్లక్ష్యం చేయడం వివేకం కాదు. రుద్దే పనిని ఆరుబయట, గాలి వీపు వైపు నుండి వచ్చేలా కూర్చుని చేయడం, ముక్కుకు సరైన మాస్కు ధరించడం, పొడిని తడిగుడ్డతో ఎత్తడం బొమ్మకు ఎంత మేలు చేస్తాయో పనివారికి అంతకంటే ఎక్కువ మేలు చేస్తాయి. పసిపిల్లలు తిరిగే ఇంట్లోనే పని సాగుతున్నప్పుడు ఈ జాగ్రత్త చేతిపనివారికి మాత్రమే పరిమితమైనది కాదు.

8. వృత్తిజ్ఞాన నమోదు - పరిశోధకులకు సూచన:
చేతివృత్తులను నమోదు చేసేటప్పుడు పరిశోధకులు పరికరాల పేర్లు, ముడిపదార్థాలు, దశల క్రమం సేకరిస్తారు. ఇవి అడిగితే చెప్పే విషయాలు. ఆరబెట్టే చోటు, బొమ్మను వంచే కోణం, ఏ రోజున రంగు వేయకూడదనే నిర్ణయం, సగం ఆరిన పూతను ముట్టుకోని నిగ్రహం అడిగితే తప్ప చెప్పనివి. చెప్పేవారికి అవి చెప్పదగిన విషయాలుగా కూడా తోచకపోవచ్చు. అందువల్ల 'తరువాత ఏం చేస్తారు?' అనే ప్రశ్నతో పాటు 'తరువాతి పని మొదలుపెట్టే దాకా ఏం చేయరు?' అనే ప్రశ్న కూడా ప్రశ్నావళిలో ఉండాలి. నలుసు, పొట్టు, పొర, పెచ్చు, పెళ్ల, పొడి వంటి మాటలకు వృత్తిలో ఉన్న సూక్ష్మభేదాలను నమోదు చేయడం వృత్తిపదకోశానికి కూడా ఉపకరిస్తుంది. ఒక సమాజం ధూళికి ఎన్ని పేర్లు పెట్టుకున్నదో, అన్ని రకాలుగా దానితో వేగిందని చెప్పవచ్చు.

9. ముగింపు:
ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి:

1. కొండపల్లి బొమ్మల తయారీలో రంపపు పొట్టు ముడిపదార్థమూ, లోపకారకమూ కూడా. రెండింటి మధ్య భేదాన్ని పనివరుస నిర్ణయిస్తుంది.
2. ధూళి పూతకింద చేరితే పెచ్చులు లేస్తాయి, పూతలో చేరితే మచ్చ నిలుస్తుంది, పూతపైన చేరితే దులిపితే పోతుంది. నివారణ మొదటి రెండింటి మీద కేంద్రీకృతం కావాలి.
3. పూత తడి నిలిచే కాలమే ప్రమాదకాలం. ఏటికొప్పాక లక్క పూతతో పోలిక ఈ విషయాన్ని బలపరుస్తుంది.
4. రుద్దే పనికీ రంగు పనికీ మధ్య ఒక రాత్రి విడవడం, తడిగుడ్డతో నేల తుడవడం, ఫ్యాను ఆపడం, బొమ్మను వంచి ఆరబెట్టడం, సందు విడిచి మూత పెట్టడం ప్రత్యేక పరికరాలు లేకుండానే పాటించగల పద్ధతులు.
5. బొమ్మను పాడుచేసే ధూళి కంటికి కనబడుతుంది, మనిషిని పాడుచేసే ధూళి కనబడదు. కాబట్టి బొమ్మ నునుపును మాత్రమే ప్రమాణంగా తీసుకుని పనిచోటు భద్రతను అంచనా వేయకూడదు.

కొలువులో నిలిచిన బొమ్మ ముఖం మచ్చ లేకుండా ఉన్నదంటే దాని వెనుక కుంచె పట్టిన చేయి మాత్రమే కాదు, పూత ఆరేవరకు కుంచె పక్కన పెట్టి కూర్చున్న ఓర్పు కూడా ఉంది. ఆ ఓర్పు కూడా వృత్తిలో భాగమే కనుక, ఈ కళ చరిత్రలో దానికి చోటు దక్కాలి.